వ్యాపారం పోయాక తిరిగిన చర్చీలు: మెదక్, డోర్నకల్, గుణదల, ఒంగోలు

ముందే చెప్పేస్తున్నా, ఇది అద్భుతాలు జరిగే చోట్ల జాబితా కాదు. ఫలానా కొండెక్కితే అప్పు తీరిపోతుందని చెప్పేవాళ్ళు యూట్యూబ్‌లో బోలెడంత మంది ఉన్నారు, వాళ్ళని చూసుకోండి. నా క్యాటరింగ్ వ్యాపారం మూతపడింది, గిన్నెలూ పొయ్యిలూ కూడా అమ్మేశా, ఇంట్లో మనిషిలా కూర్చోలేకపోతున్నా. అలాంటి రోజుల్లో అక్కా బావా బలవంతంగా కారెక్కించి తిప్పిన చోట్ల గురించి రాస్తున్నా. ఎక్కడ ఉండొచ్చు, ఎక్కడ తినొచ్చు, ఏ చోట మనసుకి నిజంగా ఏమైనా అందుతుంది అన్నదే విషయం.

వీటికంటే ముందు నగరంలో ఒక పెద్ద కూడికకి కూడా వెళ్ళా, పేరు అనవసరం. ఎల్‌ఈడీ తెరలు, అదిరిపోయే సౌండ్, పార్కింగ్‌లో వాలంటీర్లు. సర్వీసు పరంగా వంక పెట్టడానికి లేదు. ప్రసంగం మాత్రం నీ వ్యాపారం పోయిందంటే నువ్వు దాచిన పాపం ఏదో ఉంది, విత్తనం వెయ్యి, వందరెట్లు కోస్తావు అనే దగ్గరే తిరిగింది. విత్తనం అంటే కానుక కవరే. ఆటో చార్జీకి లెక్క చూసుకునేవాడికి ఆ మాట వింటే ధైర్యం రాదు, కడుపు మండుతుంది.

మెదక్ హైదరాబాద్‌కి వంద కిలోమీటర్ల లోపే, నర్సాపూర్ అడవి మీదుగా వెళ్తే దారి కూడా బాగుంటుంది. బస్సులు బాగానే ఉన్నాయి, 2022 నుంచి కాచిగూడ రైలు కూడా ఉంది. రాత్రి ఉండాల్సిన పని లేదు, పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేయండి. మేము బస్టాండు దగ్గర లాడ్జిలో దిగి దుప్పట్లు చూసి పశ్చాత్తాపపడ్డాం. చర్చి గురించి చాలామంది ఎత్తు, వైశాల్యం చెప్పి వదిలేస్తారు. గంటల గోపురం 175 అడుగులు, లోపల వేలమంది కూర్చోవచ్చు, అదంతా నిజమే. నన్ను ఆపింది వేరే సంగతి. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ 1914లో దీన్ని మొదలుపెట్టేనాటికి ఇక్కడ కరువు. ఊరికే తిండి పంచకుండా పని చూపించి, ఆ పనికి తిండి పెట్టారు. అలా పదేళ్ళు కట్టి 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించారు. అంటే ఇన్ని రాళ్ళు మోసినవాళ్ళలో చాలామంది ఆ పూట గడవడానికి మోశారన్నమాట. రంగుటద్దాల కిటికీలు వెలుతురు ఉన్నప్పుడే బాగుంటాయి, చీకటి పడ్డాక వెళ్తే అద్దమూ గోడా ఒకటే. తూర్పున సిలువ, పడమట యేసు పుట్టుక, ఉత్తరాన ఆరోహణం. తూర్పు కిటికీ చూడాలంటే ఉదయమే వెళ్ళండి. ఆదివారాలు, డిసెంబరు నెల తప్పించండి, ఆ రోజుల్లో అది పిక్నిక్ స్పాట్ అయిపోతుంది, సెల్ఫీలవాళ్ళ మధ్య మోకరించడం కష్టం.

అక్కడ మెట్ల మీద కూర్చున్నప్పుడు అక్క బైబిల్లోని ఏలీయా సంగతి ఎత్తింది. బయలు అనే దేవత ప్రవక్తల మీద గెలిచిన అంత పెద్ద ప్రవక్త, యెజెబెలు రాణి బెదిరింపుకి పారిపోయి బదరీవృక్షం కింద పడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు కదా. 'మరి దేవుడేం చేశాడు తమ్ముడూ? ప్రసంగం చేశాడా? దూతని పంపి రొట్టె పెట్టించాడు, నీళ్ళిచ్చాడు, పడుకోనిచ్చాడు, మళ్ళీ లేపి మళ్ళీ తినిపించాడు. ఇక్కడేం చేస్తున్నావని అడిగింది ఆ తర్వాత ఎప్పుడో, అన్ని రోజులు నడిచి హోరేబు కొండ చేరాక.' చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో విన్నదే, కానీ తిండి ముందు, ప్రశ్న తర్వాత అన్న సంగతి నాకెప్పుడూ తట్టలేదు. మిగతా ప్రయాణమంతా నేను చర్చీలని ఆ లెక్కలోనే చూశాను, ఇక్కడ ముందు ఏం పెట్టారు అని.

డోర్నకల్‌కి రైలుంటే సులువు, కాజీపేట విజయవాడ లైన్లో జంక్షనే, కాకపోతే మీ బండి ఆగుతుందో లేదో ముందే చూసుకోవాలి. మేము కారు కాబట్టి ఖమ్మంలో రాత్రి ఉండి పొద్దున వెళ్ళాం, అదే మంచి పద్ధతి, డోర్నకల్లో బస కోసం వెతుక్కోకండి. ఇక్కడి ఎపిఫనీ కతీడ్రల్ మెదక్‌లా లండన్ నుంచి ఎత్తుకొచ్చినట్టుండదు. గుమ్మటాలు చూస్తే మసీదు గుర్తొస్తుంది, స్తంభాలు చూస్తే గుడి. డబ్బుల్లేక, మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో వచ్చి, ఏళ్ళ తరబడి సాగిన కట్టడం 1939లో ప్రతిష్ఠ అయింది. కట్టించిన బిషప్ అజరయ్య గారు తమిళనాడు తిరునెల్వేలి ప్రాంతంవారు, తెలుగు నేర్చుకుని ఇక్కడ పనిచేశారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయిన ఆయన మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి డిగ్రీ లేకుండానే బయటికొచ్చారు. తర్వాత 1920లో కేంబ్రిడ్జి గౌరవ డాక్టరేట్ ఇచ్చిందనుకోండి. ఆ డాక్టరేట్ సంగతి వద్దు, దానికి ముందు ఆయన డిగ్రీ లేని మనిషిగా బతికిన ఏళ్ళే నాకు కావాల్సినవి. మేము వెళ్ళేసరికి తలుపు తాళం వేసుంది. అక్కడి పెద్దాయన ఒకరు మా వందనాలు అందుకుని, ఎక్కడి నుంచి వచ్చారయ్యా అని అడిగి, తాళం తీయించి పక్కన కూర్చున్నారు. చరిత్ర చెప్పలేదు, చందా అడగలేదు. సౌకర్యాలకి పదికి మూడు, మర్యాదకి పదికి పది. తాగే నీళ్ళు మాత్రం మీరే తీసుకెళ్ళండి.

విజయవాడలో గుణదల మరియమ్మ కొండ దగ్గర మా కారులో చిన్న వాదన. అక్కది బాప్టిస్టు సంఘం, మరియమ్మకి మొక్కడం ఒప్పుకోదు, కింద నీడలో కూర్చుంటానంది. నేనూ అదే సంఘమే, కానీ కొండెక్కాను. 1924లో ఫాదర్ అర్లాటి అనే ఇటలీ గురువు మరియమ్మ విగ్రహం పెట్టిన చోటు ఇది, పైన సిలువ ఉంది, ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే ఉత్సవాలకి లక్షల్లో జనం వస్తారు. తలనీలాలు ఇచ్చేవాళ్ళు, కొబ్బరికాయ కొట్టేవాళ్ళు, కొవ్వొత్తుల కట్టలు పట్టుకున్నవాళ్ళు, బొట్టు పెట్టుకున్నవాళ్ళు, బురఖాలో ఉన్నవాళ్ళు కూడా. ఎవరు ఏ సంఘం అని అడిగేవాడు లేడు. సిద్ధాంతం ప్రకారం నాకు కొన్ని నచ్చలేదు, మనుషులు మాత్రం నచ్చారు. అక్కడ అందరూ ఏదో ఒకటి పోగొట్టుకునే వచ్చారు, ఆసుపత్రి రిపోర్టులు కవర్లతో సహా పట్టుకొచ్చినవాళ్ళున్నారు, అలాంటి గుంపులో నా మొహం ఎవరికీ వింతగా కనిపించలేదు. ఏకాంతం కావాలంటే ఇది చోటు కాదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని ఉత్సవాల రోజుల్లో అస్సలు తీసుకురావద్దు. బస విజయవాడ స్టేషన్ వైపు చూసుకుంటే అన్ని రేట్లలో దొరుకుతుంది, అక్కడి నుంచి గుణదల దగ్గరే. భోజనానికి లోటేమీ లేదు, బెజవాడ కదా.

ఒంగోలు గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఈ ట్రిప్పులో నా డబ్బులు అక్కడే గిట్టుబాటయ్యాయి. చూడ్డానికి ఏముంది అంటే పెద్దగా ఏమీ లేదు. ప్రార్థన కొండ అంటే పేరుకి కొండ, చుట్టూ ఇళ్ళు, ఎండలో పైకి నడవాలి. కానీ కథ తెలిసి ఎక్కాలి. అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరులో 1840 నుంచి పనిచేసినా ఫలితం చెప్పుకోదగ్గట్టు లేదు, 1853లో ఈ మిషన్ మూసేద్దామా అని వాళ్ళ దేశంలో చర్చ జరిగింది. అంటే కాగితం మీద ఫెయిలైన ప్రాజెక్టు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ మిషన్‌లో పనిచేసే జ్యూయెట్ దంపతులు, వాళ్ళతో నరసు, జూలియా, రూతు అనే తెలుగువాళ్ళు, మొత్తం ఐదుగురు ఈ కొండెక్కి ప్రార్థన చేశారు. సాక్ష్యాల్లో చెప్పేటప్పుడు ఇక్కడి నుంచి నేరుగా వేలమంది బాప్తిస్మానికి దూకేస్తారు. మధ్యలో ఏమీ జరగని ఏళ్ళు ఎవరూ చెప్పరు. ఆ వేలమందికి బాప్తిస్మం ఇప్పించిన మిషనరీ జాన్ క్లౌ దొర ఒంగోలు వచ్చి స్థిరపడింది 1866లో. పన్నెండేళ్ళు! ఆ ఐదుగురూ కొండ దిగి మర్నాడు మామూలుగా పనికి పోయారు, ఆ తర్వాత రోజూ అంతే. ఒక నెల ఉపవాస ప్రార్థన చేసి అప్పు ఎందుకు తీరలేదని దేవుడితో గొడవపడ్డ నాకు ఆ పన్నెండేళ్ళ లెక్కే మందులా పనిచేసింది.

తర్వాత 1876లో మహా కరువు వచ్చింది. క్లౌ దొర సర్వేయరుగా పనిచేసిన మనిషి, బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ళకి పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి కూలి పని చూపించాడు. సహాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు, గింజల కోసం మతంలోకి వచ్చారనే మాట పడకూడదని. కరువు సాయం ముగిశాకే, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం. నాకు ఆ అంకె కంటే ఆపేసిన నెలలే గొప్పగా అనిపించాయి. ఆకలితో ఉన్నవాడి చేత కవరులో కానుక వేయించడం ఎక్కడ, వాడికి కూలి ఇచ్చి నువ్వేమీ నమ్మనక్కర్లేదు అనడం ఎక్కడ. తిరిగొచ్చాక ఒక హాస్టల్ మెస్‌లో వంటకి కుదిరాను. అప్పు ఇంకా ఉంది, నెలనెలా కొంత కడుతున్నా. దీన్ని అద్భుతం అనను, ఆ వంట పనికి చెయ్యి చాపే ఓపిక మాత్రం ఈ ఊళ్ళోనే వచ్చింది.

సర్వీసుల సంగతి: జ్యూయెట్ పేరుతో ఉన్న బాప్టిస్టు చర్చిలో ఆదివారం ఆరాధనకి వెళ్ళండి, పాటలు పాత పద్ధతిలో ఉంటాయి, బయటివాళ్ళమని తెలిసి ముందు బెంచీ ఇచ్చారు. మేము దిగిన లాడ్జిలో గీజర్ పనిచేయలేదు, చెప్తే వస్తున్నాం సార్ అన్నారు, ఖాళీ చేసేదాకా రాలేదు. ఏసీ గది తీసుకునే ముందు వేసి చూసుకోండి. విజయవాడ నుంచి కారులో వస్తుంటే వెల్లంపల్లి ఒంగోలు కంటే ముందే హైవే మీద తగులుతుంది, వంతెన దాటేయకుండా బండి పక్కకి తీయండి. ఎండాకాలం నీళ్ళు బాగా తగ్గిపోతాయి, వానలు పడ్డాక వెళ్తే నది నదిలా ఉంటుంది. బావ చిన్నచిన్న మట్టి పనుల కాంట్రాక్టులు చేస్తాడు, దేవుడి సంగతులు పెద్దగా మాట్లాడడు. నది దగ్గర చాలాసేపు నిలబడి, 'మూడు మైళ్ళ తవ్వకం, అదీ పలుగూ పారతో, కరువులో బక్కచిక్కిన మనుషులతో! కూలీ డబ్బులు ఏ వారానికి ఆ వారం ఎలా తెచ్చి ఇచ్చాడ్రా ఆయన?' అన్నాడు. నాకు తెలీదన్నాను. ఒంగోలు చేరేదాకా దాని లెక్కే వేస్తూ కూర్చున్నాడు.