నెలకో ప్రపంచ సినిమా: థియేటర్ అద్దెకా, హాల్లో ప్రొజెక్టరా?

ఊళ్లో పదిమంది కలిసి ఫిల్మ్ సొసైటీ పెట్టి, నెలకో ఇరాన్ సినిమానో మలయాళం ఇండిపెండెంట్ సినిమానో వేద్దామనుకోగానే ముందు తేలాల్సింది ఎక్కడ వేయాలన్నదే. హైదరాబాద్‌లో అయితే స్టూడియోల ప్రివ్యూ థియేటర్లు ఉన్నాయి. అవి అందుబాటు ధరకు దొరికితే ఈ చర్చే అక్కర్లేదు. విజయవాడ, వరంగల్, తిరుపతి లాంటి చోట్ల దారులు రెండు. ఒకటి, ఆదివారం పొద్దున్నే థియేటర్‌ను ఒక షోకి మాట్లాడుకోవడం. రెండోది, కాలేజీ సెమినార్ హాలో లైబ్రరీ హాలో చూసుకుని ప్రొజెక్టర్ పెట్టుకోవడం. మా లెక్కలో సభ్యులు డెబ్బై దాటేదాకా హాలే మేలు. కాకపోతే హాల్లో షోలు చెడేది బొమ్మ నాణ్యత తగ్గి కాదు. మాట వినపడక, సబ్‌టైటిల్ కనపడక చెడతాయి.

ముందు థియేటర్ సంగతి. అక్కడ చీకటి, వాలు నేల, జనరేటర్, మంచి సౌండ్ అన్నీ సిద్ధంగా ఉంటాయి. చిక్కంతా సర్వర్ దగ్గరే, అంటే సినిమా ఫైల్‌ని ఆడించే యంత్రం దగ్గరే. విదేశీ డిస్ట్రిబ్యూటర్ పంపేది సాధారణంగా తాళం వేసిన డీసీపీ, అంటే థియేటర్ల కోసం తయారుచేసే డిజిటల్ సినిమా ఫైళ్ల కట్ట. అది డీసీఐ ప్రమాణం, అంటే హాలీవుడ్ స్టూడియోలు పెట్టిన డిజిటల్ సినిమా ప్రమాణం, ఉన్న సర్వర్ మీదే ఆడుతుంది. మన సింగిల్ స్క్రీన్లలో చాలావాటికి ఉపగ్రహం ద్వారా సినిమా దింపుకునే ఈ-సినిమా పద్ధతి ఉంటుంది. వాటిలో ఈ డీసీపీ పనిచేయదు. అందుకని అద్దె మాట్లాడేముందు ఆపరేటర్‌ని రెండు ప్రశ్నలు అడగండి: సర్వర్ ఏ మోడల్, దాని సీరియల్ నంబరెంత? తాళంచెవి ఫైల్, అంటే కేడీఎం, ఆ ఒక్క సర్వర్‌కే తయారవుతుంది. మధ్యలో మీడియా బ్లాక్, అంటే సర్వర్‌లో తాళం తీసి బొమ్మను ఆడించే భాగం, మార్చి ఉంటే పాత నంబరుతో చేయించిన కేడీఎం పనికిరాదు.

కేడీఎంకి గడువు కూడా ఉంటుంది. విదేశాల వాళ్లు దాన్ని తరచూ యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో, రాస్తారు, మనం ఐదున్నర గంటలు కలుపుకోవాలి. 04:00 యూటీసీకి తెరుచుకునే తాళం మన దగ్గర పొద్దున 9:30కి గానీ తెరుచుకోదు. 9 గంటల షోకి వచ్చిన జనం అరగంట ఖాళీ తెర చూస్తారు. షోకి ముందురోజు ట్రయల్ వేసుకునేలా గడువు ఆ రోజు నుంచే మొదలయ్యేట్టు చేయించుకోండి. డిస్క్ నుంచి సర్వర్‌లోకి ఎక్కించడానికీ సమయం పడుతుంది: 150 జీబీ డీసీపీ పాత యూఎస్‌బీ 2 పోర్టు మీద గంటన్నరకు అటూఇటూ. షో పొద్దున డిస్క్ పట్టుకెళ్తే ఆపరేటర్ చేయగలిగింది ఏమీ ఉండదు.

హాల్‌కి వస్తే, లెక్క వెలుతురుతో మొదలవుతుంది. థియేటర్ తెరకు ప్రమాణం 14 ఫుట్-లాంబర్ట్‌లు, అంటే చదరపు అడుగుకి దాదాపు 14 ల్యూమెన్ల వెలుతురు. 12 అడుగుల వెడల్పు, 6 అడుగుల 9 అంగుళాల ఎత్తు తెర అంటే 81 చదరపు అడుగులు. దానికి తెర మీద పడాల్సింది దాదాపు 1,130 ల్యూమెన్లు. సినిమా మోడ్ పెట్టాక, ల్యాంప్ పాతబడ్డాక ప్రొజెక్టర్ పెట్టె మీద రాసినదాంట్లో సగం మిగులుతుందనుకోండి. అంటే 3,000 ల్యూమెన్ల ప్రొజెక్టర్ సరిపోతుంది, కిటికీలకు నల్లగుడ్డ కడితేనే సుమా. తెర 16 అడుగులకు పెంచితే విస్తీర్ణం 144 చదరపు అడుగులవుతుంది, 4,000 పైచిలుకు కావాలి. 4కే, అంటే మరింత సూక్ష్మంగా బొమ్మ చూపే ప్రొజెక్టర్, కోసం డబ్బు పోయకండి. ఆ తేడా సౌండ్‌కి ఖర్చుపెట్టండి.

అసలు తంటా సబ్‌టైటిల్. హాల్లో నేల చదునుగా ఉంటుంది, ముందు వాళ్ల తలలు తెర కింది భాగాన్ని మింగేస్తాయి. తెర కింది అంచు నేలకు కనీసం నాలుగున్నర అడుగుల ఎత్తున ఉండాలి. దాని మీద 6 అడుగుల 9 అంగుళాల తెర నిలబడాలంటే సీలింగ్ 12 అడుగులుండాలి. సీలింగ్ పదే అయితే తెర 9 అడుగుల వెడల్పుకి తగ్గించుకోండి. తగ్గించడం నామోషీ అని పెద్ద తెరను కిందికి దించితే సినిమా సగం పోయినట్టే. చివరి వరుస తెర వెడల్పుకి మూడింతల దూరం దాటకూడదు, దాటితే అక్షరాలు చదవలేరు. 12 అడుగుల తెరకు 14వ అడుగు నుంచి 36వ అడుగు దాకా ఏడు వరుసలు పడతాయి. వరుసకు పది కుర్చీలు. మేం డెబ్బై అన్నది ఇందుకే. ప్రొజెక్టర్ వెలుగు దారిలో సీలింగ్ ఫ్యాన్ ఉందేమో కూడా చూసుకోండి. రెక్కలు తిరిగినంతసేపూ బొమ్మ మిణుకుతుంది.

సౌండ్‌లో ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. ఫైల్‌లో 5.1 ట్రాక్, అంటే ఆరు చానళ్లుగా విడగొట్టిన సౌండ్, ఉంటుంది, హాల్లో ఉన్నవి రెండు స్పీకర్లు. సంభాషణలన్నీ మధ్య చానల్‌లో ఉంటాయి. ల్యాప్‌టాప్ సౌండ్ సెట్టింగ్ 5.1లో ఉంటే ఆ చానల్ ఎటూ పోక మాయమవుతుంది. సంగీతం దద్దరిల్లుతుంది, మాటలు గొణుగుతాయి. సెట్టింగ్‌ని స్టీరియోకి మార్చండి. స్పీకర్లు తెరకు రెండు పక్కలా ఐదారు అడుగుల ఎత్తున పెట్టండి. ఉపన్యాసాల కోసం గోడలకు బిగించిన మైక్ సెట్ సినిమాకి పనికిరాదు.

కరెంటు పోయిందంటే ల్యాంప్ ప్రొజెక్టర్‌లో కూలింగ్ ఫ్యాన్ ఆగి ల్యాంప్ దెబ్బతింటుంది. ప్రొజెక్టర్‌ని ఒక కేవీఏ సామర్థ్యమున్న యూపీఎస్ మీద పెట్టండి. బ్లూరే డిస్క్ వేస్తుంటే రీజియన్, అంటే అది ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడుతుందో తెలిపే కోడ్, చూసుకోండి: మనది సీ, యూరప్ బీ, అమెరికా, జపాన్, కొరియాలది ఏ. వీజీఏ అడాప్టర్ ద్వారా బ్లూరే బొమ్మ రాదు, హెచ్‌డీఎంఐ ఉన్న ప్రొజెక్టర్ తప్పనిసరి.

హాల్‌కి ఉన్న పెద్ద మేలు తెలుగు సబ్‌టైటిల్. డీసీపీకి తెలుగు అక్షరాలు జోడించాలంటే వేరే వెర్షన్ ఫైల్ చేయించాలి, దానికి మళ్లీ కొత్త కేడీఎం. హాల్లో అయితే హక్కుదారు ఒప్పుకుంటే ఎస్ఆర్‌టీ ఫైల్ (మాటలు, అవి పడాల్సిన సమయాలు ఉండే మామూలు టెక్స్ట్ ఫైల్) రాసుకుని, తెలుగు అక్షరాలు చెడకుండా యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేసి, ల్యాప్‌టాప్ నుంచే వేయొచ్చు. పెన్‌డ్రైవ్‌ని నేరుగా ప్రొజెక్టర్‌కి గుచ్చితే ఒత్తులు విడిపోయే ప్రమాదముంది.

అనుమతుల విషయంలో రెండిటికీ తేడా ఉంది. 1959లో సత్యజిత్ రాయ్ అధ్యక్షుడిగా మొదలైన ఫిల్మ్ సొసైటీల ఫెడరేషన్ ద్వారా వచ్చే సెన్సార్ మినహాయింపు సభ్యుల షోలకే. థియేటర్ గుమ్మం దగ్గర టికెట్ అమ్మారంటే అది పబ్లిక్ షో. కాలేజీ హాల్లో కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ విద్యాసంస్థకు వెసులుబాటు ఇస్తుంది, కానీ చూసేవాళ్లు విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, ఆ సంస్థ పనులతో సంబంధం ఉన్నవాళ్లే అయుండాలి. ఊరందరినీ పిలిస్తే హక్కుదారు దగ్గర ప్రదర్శన లైసెన్స్ తీసుకోవాల్సిందే. కొన్న డిస్క్, ఓటీటీ చందా ఇంట్లో చూసుకోవడానికి మాత్రమే. ఇండిపెండెంట్ దర్శకులకు నేరుగా రాస్తే చాలామంది తక్కువ మొత్తానికే ఫైల్ పంపుతారు, వాళ్ల దగ్గర డీసీపీ ఉండకపోవచ్చు కూడా. అప్పుడిక హాలే దారి.

దర్శకుడు స్వయంగా వస్తున్నాడు, రెండొందల మంది వస్తారు, డీసీపీ చేతికొచ్చింది అనుకున్న నెలలో థియేటర్‌కి వెళ్లండి. మిగతా నెలల్లో హాల్లో ముందురోజు ట్రయల్ వేయండి. మొదటి పది నిమిషాలే చూసి లేచిపోకండి, చివరి రీలు కూడా వేసి చూడండి. సెకనుకి 25 ఫ్రేముల కాపీకి చేసిన సబ్‌టైటిల్‌ని 23.976 ఫ్రేముల కాపీకి తగిలిస్తే మొదట్లో తేడా తెలియదు. వందో నిమిషానికి మాటకంటే నాలుగు నిమిషాలు ముందే పడుతుంది. సబ్‌టైటిల్ ఎడిట్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేటు మారిస్తే సరిపోతుంది.