కోఠి కార్డా, ప్రెస్సు కార్డా, ఫోన్‌లో యాపా: ప్రైమరీ ప్రోగ్రెస్ రిపోర్టులపై ఒక సమీక్ష

ప్రైమరీ తరగతులకు ప్రోగ్రెస్ కార్డు కొనేటప్పుడు మొదట రిమార్కుల గడి ఎంత వెడల్పుందో చూడండి. కాగితం మందం, స్కూలు బొమ్మ, బంగారు అంచు అన్నీ దాని తర్వాతే. హైదరాబాద్‌లో చిన్న ప్రైవేటు బడుల ముందున్నవి ముఖ్యంగా మూడు దారులు. కోఠి, సుల్తాన్ బజార్ దుకాణాల్లో దొరికే రెడీమేడ్ మడత కార్డు, ప్రెస్సులో సొంతంగా కొట్టించుకునే కార్డు, ఏడాది చందా కట్టే స్కూల్ యాప్. మూడింటినీ ఒకే ప్రశ్నతో చూశాం: బిడ్డకు ఏం వచ్చు, ఏం రాదు, ఇవాళ రాత్రి ఇంట్లో ఏం చేయించాలి అన్నది అమ్మానాన్నలకు దీన్నిబట్టి తెలుస్తుందా?

రెడీమేడ్ కార్డు చౌక. కరెంటుతో, సిగ్నల్‌తో పని లేదు. కానీ చాలావాటి లోపలి పట్టిక పాతకాలపుదే: యూనిట్ టెస్టులు, క్వార్టర్లీ, హాఫ్ ఇయర్లీ, యాన్యువల్, చివర్లో ర్యాంకు. రాష్ట్ర సిలబస్ బడుల్లో ఇప్పుడు నడిచేది సీసీఈ, అంటే నిరంతర సమగ్ర మూల్యాంకన పద్ధతి. ఏడాదికి పాఠాలు నడుస్తుండగా చేసే అంచనాలు (ఎఫ్‌ఏలు) నాలుగు, టర్ము చివరి పరీక్షలు (ఎస్‌ఏలు) రెండు. ప్రైమరీలో ఒక్కో ఎఫ్‌ఏకు 50 మార్కులు. అందులో పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలకు 10, రాత పనులకు 10, ప్రాజెక్టుకు 10, స్లిప్ టెస్టుకు (క్లాసులో పెట్టే చిన్న రాత పరీక్ష) 20. పాత కార్డులో ఈ నాలుగింటికీ గడులుండవు కాబట్టి టీచర్ మొత్తం ఒక్కటే వేసి ఊరుకుంటారు. అసలు సమాచారం పోయేది ఇక్కడే.

ఒక లెక్క చూడండి. లెక్కల ఎఫ్‌ఏలో ఒక పాపకు వరుసగా 8, 7, 9, స్లిప్ టెస్టులో 9 వచ్చాయి. ఇంకో బాబుకు 4, 5, 5, స్లిప్ టెస్టులో 19. ఇద్దరికీ మొత్తం 33, అంటే 66 శాతం. 51 నుంచి 70 దాకా బీ ప్లస్ కాబట్టి ఇద్దరి కార్డుల్లోనూ ఒకటే గ్రేడు. కానీ పాప పని నోట్సులో బాగుంది, ప్రాజెక్టు చార్టు బాగుంది, ఒంటరిగా కూర్చుని చేయమంటే సగం కూడా రావడం లేదు. బాబుకు లెక్కలు వచ్చు, క్లాసులో నోరు విప్పడు, నోట్సు పూర్తి చేయడు. ఈ రెండిళ్లకూ చెప్పాల్సిన మాటలు పూర్తిగా వేరు. బీ ప్లస్ చూసిన ఇద్దరు తండ్రులూ మాత్రం ఒకే మాట అంటారు: ‘ఇంకొంచెం కష్టపడాలి.’ (చార్టులు స్టేషనరీ షాపులో తయారుగా దొరికే ఊళ్లో ప్రాజెక్టుకు పదికి తొమ్మిది వేస్తే అది ఎవరి మార్కో వేరే చెప్పక్కర్లేదు.) కాబట్టి కార్డు ఏదైనా సరే, కనీసం స్లిప్ టెస్టు మార్కును విడిగా చూపించాలి. ర్యాంకు గడి ఉంటే గీత కొట్టేయండి. రెండో తరగతి పిల్లకు పదిహేడో ర్యాంకు అని రాయడం వల్ల ఇంట్లో కేకలు తప్ప ఇంకేమీ పెరగవు.

ఇక రిమార్కుల గడి. రెడీమేడ్ కార్డులో అది రెండు వేళ్ల వెడల్పుంటే గొప్ప. అందులో ‘గుడ్’, ‘ఇంప్రూవ్’ తప్ప ఏమీ పట్టవు. పనికొచ్చే రిమార్కు ఇలా ఉంటుంది: ‘52లోంచి 27 తీసేయమంటే 35 అని రాస్తోంది. ఒకట్ల స్థానంలో 2 లోంచి 7 పోదు కాబట్టి తిప్పేసి, 7లోంచి 2 తీస్తోంది. ఇంట్లో అగ్గిపుల్లల్ని పదేసి కట్టలు కట్టి, ఒక కట్ట విప్పించి తీసివేత చేయించండి.’ తెలుగుకైతే: ‘అమ్మ, అక్క, బస్సు తప్పు లేకుండా చదువుతున్నాడు. చక్రం, పద్మ లాంటి మాటల దగ్గర ఒత్తు వదిలేస్తున్నాడు. రోజూ ఇలాంటివి ఐదు మాటలు చదివించండి.’ దీనికి కనీసం మూడు లైన్ల జాగా కావాలి. లేదంటే అరపేజీ తెలుగు చీటీ విడిగా జెరాక్స్ తీయించి కార్డుకు పిన్ను కొట్టండి, అప్పుడు ఆ రెడీమేడ్ కార్డే సరిపోతుంది. నున్నటి ఆర్ట్ కార్డు మీద జెల్ పెన్ను పనికిరాదు. మడిచేసరికి సిరా ఎదుటి పేజీకి అంటుకుంటుంది. బాల్ పెన్నే వాడండి.

ప్రెస్సులో కొట్టించుకుంటే గడులు మన ఇష్టం. ఒక్క జాగ్రత్త: డీటీపీ సెంటర్లలో చాలామంది ఇప్పటికీ ‘అను’ అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లలో టైపు చేస్తారు. అచ్చుకు అవి చక్కగా ఉంటాయి. అదే మ్యాటర్ వాట్సాప్‌లో పెడదామనో, వచ్చే ఏడాది మీ కంప్యూటర్లో మార్చుకుందామనో కాపీ చేస్తే పిచ్చి గుర్తులొస్తాయి. ఆర్డరిచ్చేటప్పుడే ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటర్లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లో చేయమనండి, ఎడిట్ చేసుకోగల ఫైలు కూడా అడిగి తీసుకోండి. వందల్లో కొట్టించే ముందు ఒక ప్రూఫ్ తీసుకుని, దాన్ని పెన్నుతో ఒక బిడ్డ వివరాలతో నింపి చూడండి. గడి చాలదన్న సంగతి ఖాళీ కార్డు మీద తెలియదు.

యాప్‌ల విషయంలో డెమో చూసి మురిసిపోవద్దు. రంగుల గ్రాఫులు అన్నింటిలోనూ ఉంటాయి, తేడా లెక్కల్లో ఉంటుంది. డెమో ఇచ్చే కుర్రాడి ముందే ఒక విద్యార్థి ఎఫ్‌ఏ మార్కులు 40, గైర్హాజరు, 42, 41 అని ఎక్కించండి. రాసిన మూడింటి సగటు 41, అంటే 82 శాతం, గ్రేడు ఏ. గైర్హాజరును సున్నాగా తీసుకునే యాప్ సగటు 30.75 చూపించి బీ ప్లస్‌కు దింపేస్తుంది. జ్వరమొచ్చిన బిడ్డకు చదువు రాదన్నట్టే కదా. తర్వాత 36, 35, 35, 35 ఎక్కించండి. సగటు 35.25, శాతం 70.5. గ్రేడు పట్టికలో 51 నుంచి 70 ఒకటి, 71 నుంచి 90 ఇంకొకటి. మధ్యలో పడిన ఈ 70.5కు ఏ గ్రేడు ఇస్తుందో చూడండి. గడి ఖాళీగా వస్తే ఆ సాఫ్ట్‌వేర్‌ను నిజమైన మార్కులతో ఎవరూ పరీక్షించలేదని అర్థం.

మూడో పరీక్ష తెలుగు. రిమార్కులో ‘ఆత్మవిశ్వాసం’, ‘స్త్రీ’ అని టైపు చేసి పీడీఎఫ్ తీయండి. తెర మీద బాగున్న ఒత్తులు పీడీఎఫ్‌లో విడిపోయి పక్కన పడితే ఆ రిపోర్టు ఇంటికి పంపలేరు. జాబితాలోంచి ఎంచుకునే (డ్రాప్‌డౌన్) రిమార్కులు మాత్రమే ఉండి సొంతంగా రాసే వీలు లేకపోతే అసలు కొనొద్దు, క్లాసులో సగంమందికి ఒకటే వాక్యం వెళుతుంది. కొన్నింట్లో నిమిషానికి ఎన్ని పదాలు చదివాడన్న గడి ఉంటుంది, మంచిదే. కానీ ఇంగ్లిషుకూ తెలుగుకూ ఒకే హద్దు పెట్టి ఎరుపు, ఆకుపచ్చ చూపిస్తే నమ్మొద్దు. ‘వెళ్లలేకపోయాడు’ అన్నది మనకు ఒక్క మాట, ఇంగ్లిషులో అదే ‘హి కుడ్ నాట్ గో’ అని నాలుగు మాటలు. కేంద్రం పాఠ్యపుస్తకాలు తయారుచేసే సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ 2022లో చేసిన సర్వే కూడా చదివే వేగానికి ఏ భాష హద్దు ఆ భాషకే పెట్టింది.

యాప్ ఎంత బాగున్నా చాలా ఇళ్లలో స్మార్ట్‌ఫోను నాన్నతో పాటు డ్యూటీకి వెళ్లిపోతుంది, బిడ్డను కూర్చోబెట్టి చదివించేది అమ్మ. పాతబస్తీలో ఉర్దూ చదివే ఇళ్లు, పనికోసం ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కుటుంబాలు సరేసరి. అలాంటి ఇళ్లకు వాళ్ల భాషలో నలభై సెకన్ల వాయిస్ మెసేజ్ ఏ గ్రాఫు కన్నా నయం. అది కూడా విడిగానే పంపాలి. క్లాసు గ్రూపులో అందరి మార్కుల షీటు పెట్టే అలవాటు మానుకోవాలి.

2020 జాతీయ విద్యా విధానం చెప్పిన హోలిస్టిక్ ప్రోగ్రెస్ కార్డు సంగతి: పిల్లలు తమ గురించి తామే, తోటివాళ్లు, తల్లిదండ్రులు, టీచరు అందరూ చెప్పే పద్ధతి అది. ఆలోచన మంచిది. పేజీలు ఎక్కువ, ఒక్క టీచరు నలభైమందికి నింపడం కష్టం. అందులోంచి ‘నాకు బాగా వచ్చింది, నాకు కష్టమైంది’ అని పిల్లలే నింపే భాగం ఒక్కటి తీసుకుని మీ చీటీ వెనకవైపు అచ్చువేసుకోండి.

ఐదో తరగతి దాకా ఉన్న చిన్న బడికైతే మా ఓటు ప్రెస్సు కార్డుకే. సమయం లేకపోతే రెడీమేడ్ కార్డు, దానికి తెలుగు చీటీ. హాజరు, ఫీజు, నోటీసుల కోసం యాప్ ఎలాగూ కొనేవాళ్లు డబ్బు కట్టకముందే ఒకటి రాతపూర్వకంగా తీసుకోండి: చందా ఆపేసిన రోజు ప్రతి విద్యార్థి మార్కులు, రిమార్కులు అన్నీ ఎక్సెల్ ఫైలుగా ఇవ్వాలని. ఆ ఫైలులో ఎఫ్‌ఏ నాలుగు అంశాల మార్కులు విడివిడిగా ఉన్నాయా, ఉత్త గ్రేడులే ఉన్నాయా అన్నది డెమో రోజే డౌన్‌లోడ్ చేయించి చూడండి.