మా ఇంటి ఆర్వో మిషన్: నీళ్లకు మంచి మార్కులు, అమ్మిన మాటలకు కోత

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, కంచిలి మండలంలోని మా ఇంట్లో ఆర్వో మిషన్ పెట్టించి పదకొండు నెలలైంది. పదిహేను వేల ఐదు వందలు పడింది. నీటిలో కరిగిన లవణాలను అంచనా వేసే టీడీఎస్ మీటరు బోరు నీటికి 640 చూపిస్తే, మిషన్ నీటికి 48 చూపించింది. నీళ్లలో ఉప్పదనం పోయింది, కందిపప్పు తొందరగా ఉడుకుతోంది, టీ మీద పొర కట్టడం తగ్గింది. వస్తువు విషయంలో నాకు పెద్ద ఫిర్యాదు లేదు. ఉన్న ఫిర్యాదంతా దాన్ని అమ్మిన తీరు మీదే. ఆ తీరు ఒక్క కంపెనీ సొత్తు కాదు కనుక పేరు రాయడం లేదు.

అమ్మడానికి వచ్చిన అబ్బాయి అరుగు మీద రెండు గ్లాసులు పెట్టాడు. ఒకదానిలో మా బోరు నీళ్లు, రెండోదానిలో తాను సీసాలో తెచ్చిన ఆర్వో నీళ్లు. లోహపు కడ్డీలున్న చిన్న పెట్టెను కరెంటుకు కలిపి కడ్డీలను రెండు గ్లాసుల్లోకీ దించాడు. కొద్దిసేపటికే బోరు నీళ్లు పచ్చబడి, ఆ తర్వాత తుప్పు రంగుకు తిరిగి, పైన మడ్డి తేలింది. రెండో గ్లాసు దాదాపు తేటగానే ఉంది. "చూడండి మాస్టారూ, రోజూ మీ కడుపులోకి వెళ్తున్నది ఇదే" అన్నాడు. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను వంటింట్లోంచి చిటికెడు ఉప్పు తెచ్చి, ఆర్వో గ్లాసులో కలిపి, కడ్డీలు మళ్లీ దించమన్నాను. ఇష్టం లేకపోయినా దించాడు. ఆ నీళ్లూ అదే రంగుకు వచ్చాయి. మడ్డి నీటిలో ఉన్నది కాదు, ఇనుప కడ్డీలోంచి వచ్చింది: లవణాలున్న నీటిలో కరెంటు బాగా పారుతుంది, ఇనుము కరిగి తుప్పుగా మారుతుంది, లవణాలు తీసేసిన నీటిలో కరెంటు పెద్దగా పారదు కనుక కడ్డీ కరగదు. "రంగు మారింది, కాబట్టి నీళ్లు చెడ్డవి" అనే వాదనలో ఆ రంగు నీటిదేనన్న మాటను అతను పైకి అనకుండా మింగేశాడు. తర్కశాస్త్రంలో ఇలా మరుగున పడే షరతును ఉపాధి అంటారు. నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందంటే చెల్లదు, ఎందుకంటే ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది గాని పొగ లేదు. పొగ రావాలంటే కట్టె పచ్చిదై ఉండాలి. మా అరుగు మీద ఆ పచ్చికట్టె పని చేసింది ఇనుప కడ్డీ.

టీడీఎస్ తక్కువైతే నీరు సురక్షితమన్న వాదనా ఇలాంటిదే. ఆ మీటరు చూసేది నీటిలో కరెంటు ఎంత పారుతుందన్నదే. పురుగుమందు రవ్వంత కలిసినా దాని అంకె కదలదు. దొడ్లోని లేత బొండం కొట్టించి మీటరు ముంచితే మూడు వేలు దాటింది. అంకె పెరిగితే విషమే అయితే, ఉద్దానంలో ముందు కొబ్బరి చెట్లు కొట్టేయాలి.

అతని అసలు అస్త్రం వేరు. "పక్క వీధిలో మా మిషన్ పెట్టిన పన్నెండు ఇళ్లలో రెండేళ్లుగా ఒక్కరికీ క్రియాటినిన్ పెరగలేదండి" అన్నాడు. క్రియాటినిన్ అంటే కిడ్నీలు దెబ్బతిన్నప్పుడు రక్తంలో పెరిగే పదార్థం. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఈ ప్రాంతంలో ఆ మాట వింటే చేయి దానంతటదే పర్సు మీదికి పోతుంది. లెక్క నిజమేనని ఒప్పుకుందాం. ఆ ఇళ్లు నాకు తెలుసు. చాలావరకు టీచర్లవీ, బ్యాంకు ఉద్యోగులవీ. జీడితోటల్లో రోజంతా ఎండకు మాడి, దాహానికి సరిగా నీళ్లు కూడా తాగలేని కూలీలు వారిలో లేరు. పైగా ఈ జబ్బు ఏళ్ల తరబడి లోలోపల సాగి బయటపడేది, రెండేళ్లలో తేలేది కాదు. అదీగాక, 2023 డిసెంబరులో ప్రారంభమైన పథకంతో హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీరు ఉద్దానానికి రావడం మొదలైంది. ఆ వీధిలో మారింది మిషన్ ఒక్కటే కాదు. ఉద్దానం కిడ్నీ వ్యాధికి కారణం ఇదీ అని ఇంతవరకు నిర్ధారణ కాలేదు. సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఎండదెబ్బ, నిర్జలీకరణం అన్నీ అనుమానాల దశలోనే ఉన్నాయి. కవిటిలోని మా వదినగారింట్లో అన్నయ్యకు జబ్బు బయటపడ్డాకే మిషన్ కొన్నారు. ఆ అబ్బాయి లెక్క ప్రకారం అక్కడ జబ్బు తెచ్చింది మిషనే అనాలి.

అయినా కొన్నాను, రుచి కోసం, పప్పు కోసం. కొనేవారు తెలుసుకోవలసినది ఒకటుంది: ఒక బిందె మంచినీళ్లకు రెండున్నర బిందెలు వృథాగా బయటికి పోతున్నాయి. స్వయంగా కొలిచాను. వాటిని గిన్నెలకూ, గచ్చు కడగడానికీ వాడుతున్నాం. ఫిల్టరు మార్పులకు ఏటా ఎంతవుతుందో కొనేముందే కాగితం మీద రాయించుకోండి, నేను రాయించుకోలేదు. సర్వీసు ఫర్వాలేదు; ఫోను చేసిన మూడో రోజుకు సోంపేట నుంచి అదే అబ్బాయి వచ్చి ఫిల్టరు మార్చి వెళ్లాడు. కడ్డీల పెట్టె మాత్రం సంచీలోంచి తీయలేదు.