చైనా అధ్యయనాల ఉచిత ఉపన్యాసాలు: ఏవి వినాలి, ఎలా వినాలి

విశ్వవిద్యాలయాల చైనా అధ్యయన కేంద్రాలు పెట్టే బహిరంగ ఉపన్యాసాలకు చాలావరకు టికెట్ ఉండదు, చదువు ఎంతని అడగరు. ఆన్‌లైన్ సభ అయితే పేరు, ఈమెయిల్ ఇచ్చి నమోదు చేసుకుంటే చాలు. అయినా ఒకటి రెండు విని మానేసేవాళ్లే ఎక్కువ. పెద్ద పేరున్న వక్త, ‘చైనా ఎటు పోతోంది’ లాంటి శీర్షిక చూసి మొదటిసారి వెళ్తారు. అలాంటి సభలో వినిపించేది చాలావరకు పత్రికల్లో అప్పటికే చదివిందే. ఆ పక్క వారం అదే కేంద్రంలో ఒక జిల్లా భూమి రికార్డుల మీదో, చింగ్ రాజవంశ కాలపు ఉప్పు పన్ను మీదో మాట్లాడే యువ పరిశోధకురాలి సభ ఖాళీగా ఉంటుంది. అసలు సరుకు అక్కడే దొరుకుతుంది.

ఉదాహరణకు భూమి సంగతే చూడండి. 1982 రాజ్యాంగం ప్రకారం పట్టణ భూమి ప్రభుత్వానిది, పల్లె భూమి సామూహిక యాజమాన్యానిది. 1988 సవరణతో భూమిని వాడుకునే హక్కును బదిలీ చేసే వీలు వచ్చింది. ఇళ్లకు 70 ఏళ్లు, పరిశ్రమలకు 50, వ్యాపారానికి 40 గరిష్ఠ గడువులు. 1994 పన్నుల పంపకం సంస్కరణతో రాబడిలో పెద్ద వాటా కేంద్రానికి పోయింది, ఖర్చులు మాత్రం స్థానిక ప్రభుత్వాల నెత్తినే మిగిలాయి. ఆ లోటు పూడ్చుకోవడానికి అవి భూమి హక్కుల అమ్మకం మీద ఆధారపడ్డాయి. ఒకే ఒక్క జిల్లా లెక్కలు ముందుపెట్టి ఈ గొలుసును విప్పి చూపించే ఉపన్యాసం విన్నాక, చైనా నిర్మాణ రంగం అప్పుల వార్త ఏది చదివినా తల తోక తెలుస్తుంది. ‘ఎటు పోతోంది’ సభ ఆ పని చేయలేదు.

కేంద్రాల విషయానికొస్తే, హార్వర్డ్‌లోని ఫెయిర్‌బ్యాంక్ సెంటర్ 1955లో మొదలైంది. విధానాలు, ఆర్థికం, విదేశాంగం మీద ఆసక్తి ఉంటే అక్కడ చైనా పండితుడు ఎజ్రా వోగెల్ చాలా ఏళ్లు దగ్గరుండి నడిపిన బుధవారం మధ్యాహ్నం వరుస చూడాలి. సాహిత్యం, ప్రాచీన చరిత్ర కావాలంటే అదే కేంద్రంలో వేరే సభలున్నాయి. ఒకే విద్వాంసుడు ఒకే అంశం మీద మూడు ఉపన్యాసాలిచ్చే రైషవర్ ఉపన్యాసాలు నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనవి. ఒక గంటలో కుదించలేని వాదనకు అక్కడ చోటు దొరుకుతుంది.

మిచిగన్ విశ్వవిద్యాలయంలోని లీబర్‌తాల్-రోగెల్ సెంటర్ 1961 నాటిది. దాని మంగళవారం మధ్యాహ్నపు సభ కొత్తవాళ్లకు అన్నిటికంటే అనువైనది. గంటలో ముగుస్తుంది, అంశాలు కళల నుంచి జనాభా లెక్కల దాకా మారుతుంటాయి, పరిభాష కొంచెం తక్కువ. లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయం సభలు రాజకీయం వైపు మొగ్గుతాయి, ప్రశ్నల సమయంలో వాదన గట్టిగానే నడుస్తుంది. కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ ఇచ్చే మారిసన్ ఉపన్యాసం 1932లో మొదలైంది. ఆస్ట్రేలియాలో స్థిరపడిన చైనీయులు ఒక పత్రికా రచయిత జ్ఞాపకార్థం దాన్ని ఏర్పాటు చేశారు. పాత ఉపన్యాసాల పాఠాలు కొన్ని చదవడానికి దొరుకుతాయి. 1930ల నాటిది ఒకటి, ఈ మధ్యది ఒకటి పక్కపక్కన పెట్టుకుని చదివితే ఈ రంగం ప్రశ్నలు ఎంత మారాయో తెలుస్తుంది.

అమెరికా సభలు చాలావరకు ఉచితం కావడానికి ఒక కారణముంది. అక్కడ ప్రాంతీయ అధ్యయన కేంద్రాలకు 1958 చట్టంతో మొదలైన ప్రభుత్వ నిధుల్లో సామాన్య జనానికి చేరువ కావాలన్న బాధ్యత కూడా కలిసింది. కాబట్టి ప్రశ్న అడగడానికి మొహమాటపడక్కర్లేదు. బయటివాళ్ల కోసం కూడా పెట్టిన సభ అది.

ఉపన్యాసం మంచిదా కాదా తేల్చడానికి నేను చూసేది ఒక్కటే, వక్త చేతిలోని ఆధారం. మొదటి పది నిమిషాల్లో ‘ఈ కాగితాలు ఎక్కడివి, ఎవరు రాసినవి, ఎందుకు రాశారు’ అని చెప్పని వక్త మిగతా సమయంలోనూ చెప్పరు. చైనా విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఆధారాలు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. విదేశాంగ శాఖ ఆర్కైవ్‌ను 2004లో పరిశోధకులకు తెరిచారు, 2012 తర్వాత చూడనిచ్చే పత్రాలు బాగా తగ్గిపోయాయి. చైనా పరిశోధన వ్యాసాలు దొరికే సీఎన్‌కేఐ డేటాబేస్‌లో సిద్ధాంత గ్రంథాలు, గణాంక సంపుటాలు లాంటి కొన్ని విభాగాలు 2023 ఏప్రిల్ నుంచి విదేశీ సంస్థలకు ఆగిపోయాయి. అందుకే ఒక దౌత్య చరిత్ర వాదన 2012కి ముందు చూసిన కాగితాల మీద నిలిచిందా, ఇతర దేశాల ఆర్కైవ్‌ల మీద నిలిచిందా అన్నది తప్పకుండా అడగాల్సిన ప్రశ్న.

అంకెలదీ ఇదే కథ. యువత నిరుద్యోగం 2023 జూన్‌లో 21.3 శాతం. ఆగస్టులో ఆ లెక్క ప్రచురణ ఆపేశారు. 2024 జనవరిలో తిరిగి మొదలుపెట్టినప్పుడు విద్యార్థులను లెక్కలోంచి తీసేశారు, 2023 డిసెంబరు అంకె 14.9 శాతంగా వచ్చింది. ఈ రెంటినీ ఒకే గీతతో కలిపి ‘తగ్గింది’ అని చూపించే స్లైడు కనిపిస్తే ఆ వక్త మిగతా గ్రాఫులను కూడా అనుమానంతో చూడాలి. పాత కాలానికీ ఇలాంటి గుంట ఒకటుంది. చింగ్ పత్రాల్లోని ‘డింగ్’ పేరుకు వయోజన పురుషుడు, లెక్కలో మాత్రం పన్ను వేసే ప్రమాణం. 1712లో కాంగ్‌షీ చక్రవర్తి దాన్ని స్థిరపరిచేశాక జనం పెరిగినా ఆ పన్ను లెక్క పెరగలేదు. డింగ్ సంఖ్యను జనాభాగా చదివితే వాదన మొత్తం కూలుతుంది.

ఆన్‌లైన్ సభలో ప్రశ్న వేయడానికీ ఒక పద్ధతుంది. ఉపన్యాసం సాధారణంగా 40 నుంచి 50 నిమిషాలు, ఆపైన ప్రశ్నలు. సభ నడిపేవారు పెట్టెలోకి వచ్చిన ప్రశ్నల్లోంచి ఏరుకుంటారు, చివర్లో వచ్చినవి చాలావరకు మిగిలిపోతాయి. కాబట్టి ముప్పయ్యో నిమిషానికే రాసి పంపండి. రెండు వాక్యాలు మించొద్దు, ఒకే సంగతి అడగండి, ఏ స్లైడు గురించో చెప్పండి. జూమ్‌లో వెబినార్ అయితే శ్రోతలకు మీ పేరు జాబితాలో కనబడదు; మామూలు మీటింగ్ అయితే అందరికీ కనబడుతుంది. చైనాలో కుటుంబమో, క్షేత్ర పరిశోధనో ఉన్నవాళ్లు లోపలికి వెళ్లే ముందే ఏ పేరుతో కనిపించాలో సరిచూసుకోవాలి.

రికార్డింగ్ వస్తుందిలే అని ప్రత్యక్ష సభ వదులుకోవద్దు. చాలా ఉపన్యాసాలు వీడియోగా రావు, వచ్చినా ప్రశ్నల భాగం కోసేసి ఉంటుంది. ఇంకా అచ్చు కాని అధ్యాయం చదవడం దీనికి ఒక కారణం, ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్లకు ఇబ్బంది రాకూడదనుకోవడం మరొకటి, బొమ్మల హక్కులు ఇంకొకటి. వక్త తన వాదనలోని బలహీనతను నిజాయితీగా ఒప్పుకునేది ఎక్కువగా ఆ ప్రశ్నల భాగంలోనే కాబట్టి ఈ నష్టం చిన్నది కాదు.

అన్నిటికన్నా ఎక్కువగా విసిగించేది ఆటోమేటిక్ క్యాప్షన్లు. చైనా పేర్లు వాటికి పట్టవు, దగ్గరగా వినబడే ఇంగ్లిష్ మాటలుగా మార్చేస్తాయి. ముందురోజే ఉపన్యాసం ప్రకటనలోని సారాంశంలోంచి పేర్లు ఏరి, ప్లెకో లేదా ఎండీబీజీ నిఘంటువులో వాటి చైనా లిపి రూపం చూసి కాగితం మీద రాసి పెట్టుకుంటే సగం బాధ తీరుతుంది. చైనా మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే పద్ధతి పిన్‌యిన్. అందులో ‘క్యూ’ అక్షరాన్ని చ అనీ, ‘ఎక్స్’ని శ అనీ, ‘సి’ని చలిలోని ౘ అనీ, ‘జెడ్’ని జడలోని ౙ అనీ చదువుకుంటే వక్త పలికినదానికి చాలా దగ్గరవుతారు. ఇంటిపేరు ముందొస్తుందని మరవొద్దు. చారిత్రక అధికారుల పేర్లు వస్తే హార్వర్డ్, తైవాన్‌లోని అకడెమియా సినికా, పెకింగ్ విశ్వవిద్యాలయం కలిసి నిర్వహించే జీవితచరిత్రల డేటాబేస్ ఉచితం. పాత ఊళ్లు, జిల్లాల హద్దులకు హార్వర్డ్, ఫూడాన్ విశ్వవిద్యాలయాలు తయారుచేసిన చారిత్రక పటాలు క్రీ.పూ. 221 నుంచి 1911 దాకా ఉన్నాయి.

ఇక వేళల సంగతి. అమెరికా గడియారం మార్చి రెండో ఆదివారం ముందుకు జరుగుతుంది, బ్రిటన్‌ది మార్చి చివరి ఆదివారం. నవంబరు మొదటి ఆదివారం అమెరికా వెనక్కి వస్తుంది, బ్రిటన్ అక్టోబరు చివరి ఆదివారమే వచ్చేస్తుంది. చైనా ఏడాది పొడవునా యూటీసీ+8లోనే, అంటే ప్రపంచ ప్రామాణిక సమయానికి 8 గంటలు ముందే ఉంటుంది. ఈ నడిమి వారాల్లో గంట తేడాతో సభ తప్పిపోవడం మామూలు. ప్రకటనలోని వేళను చేత్తో లెక్కగట్టకుండా, నమోదు చేసుకోగానే వచ్చే క్యాలెండర్ ఫైలును ఫోన్‌లోకి ఎక్కించుకోవడం మేలు. మే నుంచి ఆగస్టు దాకా అమెరికా కేంద్రాల్లో సభలు చాలా తక్కువ. కాన్‌బెర్రాలో రెండో సెమిస్టర్ జులై చివర్లో మొదలవుతుంది కాబట్టి ఆ ఖాళీ రోజుల్లో అక్కడి క్యాలెండర్ చూడండి.