కథలో పాముకాటు సీన్: మెడికల్ పుస్తకమా, నర్సక్కా?

మన చిత్తూరు పక్క పల్లె కథ రాస్తే చెనిక్కాయ చేను, పాముకాటు ఎక్కడో ఒకచోట వస్తాయి, మరి ఆ సీన్ నమ్మేలా ఉండాలంటే డీటెయిల్స్ ఎవర్నడగాలి?

ఏ పాము ఏం చేస్తుందనే తేడాకి పుస్తకమే కరెక్ట్. రక్తపింజర కరిస్తే విపరీతమైన నొప్పి, కాలు వాస్తుంది, చిగుళ్లలోంచి రక్తం కూడా రావచ్చు, అదే కట్లపామైతే నేలమీద పడుకున్నోళ్లని నిద్రలో కరిచినా నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా కనబడకపోవచ్చు, కాసేపటికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, తర్వాత ఊపిరే అందదు. ఈ రెండిటినీ కలిపేసి, ఏ పామైనా నోట్లో నురగ తెప్పించేస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

తిరుపతిలో క్యాజువాలిటీ డ్యూటీ చేసిన నర్సక్కని అడిగితే దొరికేది వేరే. తడిలేని గాజు ట్యూబులో 2 మిల్లీలీటర్ల రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా పెట్టి, వంచి చూస్తారు, గడ్డకట్టకపోతే విషం రక్తంలో పనిచేస్తున్నట్టే. ఇది పుస్తకంలోనూ ఉంది, కానీ ఆ 20 నిమిషాలు బయట పేషెంట్ వాళ్లమ్మ ఏమేం అడుగుతుంది, ఊర్లో బిగించిన తాడు ఒక్కసారిగా విప్పకుండా ఎట్లా చూసుకుంటారు, ఇవి అక్కే చెప్పాలి.

ఒక్కటే ఎంచుకోమంటే నేను అక్క వైపే. కాకపోతే ముందు పుస్తకం చదివి పోండి, డ్యూటీ టైమ్‌లో పోవద్దు, పేషెంట్ల పేర్లు అస్సలు అడగొద్దు.