స్క్రీన్‌సేవరా, స్క్రీన్ ఆఫా: కరెంటు ఆదాకు ఏది మేలు?

కంప్యూటర్ ముందు నుంచి లేచి వెళ్తే కాసేపటికి తెర మీద బుడగలో, ఫొటోలో తిరుగుతుంటాయి. స్క్రీన్‌సేవర్ వచ్చింది కాబట్టి కరెంటు మిగులుతోందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది పుట్టింది కరెంటు కోసం కాదు, తెర కోసం. పాత డబ్బా మానిటర్లలో ఒకే బొమ్మ గంటల తరబడి కదలకుండా ఉంటే లోపలి ఫాస్ఫర్ పూత మీద దాని మచ్చ పడిపోయేది. అందుకే బొమ్మను కదిలిస్తూ ఉండేవారు.

ఇప్పటి ఎల్‌సీడీ మానిటర్‌లో వెలుగు వెనకున్న బ్యాక్‌లైట్ నుంచి వస్తుంది. రాత్రి గదిలో లైట్లన్నీ ఆర్పేసి, తెర నిండా నలుపు పెట్టి చూడండి. కటిక చీకటిగా ఉండదు, బూడిదరంగులో మసకగా వెలుగుతూ ఉంటుంది. అంటే నల్లటి స్క్రీన్‌సేవర్ పెట్టినా వెనక దీపం ఆరలేదన్నమాట. పైగా త్రీడీ బొమ్మలు తిరిగేదైతే గ్రాఫిక్స్ కార్డుకు కూడా పని పెట్టి ఖర్చు పెంచుతుంది.

స్క్రీన్ ఆఫ్ సెట్టింగ్ అలా కాదు. కంప్యూటర్ సిగ్నల్ ఆపేస్తుంది, మానిటర్ స్టాండ్‌బైలోకి వెళ్తుంది. 24 అంగుళాల మానిటర్ నడుస్తున్నప్పుడు 20 వాట్లు తీసుకుంటుందనుకుందాం, స్టాండ్‌బైలో సాధారణంగా అర వాటు దాటదు. రోజుకు 3 గంటలు ఎవరూ లేకుండా వెలిగితే 250 పనిదినాల్లో 15 యూనిట్లు. స్టాండ్‌బైలో ఉంటే అదే సమయానికి అర యూనిట్ కూడా కాదు. వంద మానిటర్లున్న ఆఫీసుకు 1,500 యూనిట్ల లెక్క ఇది! ఇంకో మంచి సంగతి, తెర ఆరినా డౌన్‌లోడ్ ఆగదు.

ఎన్ని నిమిషాలు పెట్టాలి? నా సలహా 5. ఒక నిమిషం పెడితే ఏదైనా చదువుతుండగానే తెర ఆరిపోతుంది. చిరాకేసి ‘నెవర్’ పెట్టేస్తారు, దాంతో మొత్తం ఆదా పోయినట్టే. ఎక్కువగా చదివే పని ఉంటే 10 పెట్టుకోండి.

బ్రైట్‌నెస్ తగ్గించడం దీనికి పోటీ కాదు, తోడు. మనం కూర్చుని పని చేస్తున్నంతసేపూ మిగిల్చేది అదే. తెర పక్కన ఒక తెల్ల కాగితం పట్టుకోండి. కాగితం కంటే తెర మరీ మెరుస్తుంటే తగ్గించవచ్చు, కళ్లకూ హాయి. డార్క్ మోడ్ మాత్రం ఓఎల్‌ఈడీ తెరల్లోనే బాగా పనికొస్తుంది, వాటిలో నల్లటి చుక్క నిజంగానే ఆరి ఉంటుంది కాబట్టి.

డెస్క్‌టాప్ అయితే మానిటర్ కంటే సీపీయూ డబ్బానే ఎక్కువ తింటుంది. 20 నిమిషాలకు దాన్నీ స్లీప్‌లోకి పంపండి. రాత్రికి ప్లగ్ దగ్గర స్విచ్ ఆపితే మిగిలేది కొంచెమే, ఆపినా మంచిదే. ఓఎల్‌ఈడీ మానిటర్‌కు మాత్రం ఆపకండి, చాలావాటిలో తెర మీద మచ్చ పడకుండా కాపాడే పని స్టాండ్‌బైలోనే దానంతటదే జరుగుతుంది.

పాస్‌వర్డ్ లాక్ కోసమే స్క్రీన్‌సేవర్ ఉంచానంటారా? లేచేటప్పుడు విండోస్ కీ, ఎల్ కలిపి నొక్కండి. వెంటనే లాక్ పడుతుంది, సెట్టింగ్ మార్చకపోతే నిమిషంలో తెర కూడా ఆరిపోతుంది.