14 మ్యాచ్‌ల సీజనా, రెండు రోజుల టోర్నమెంటా: ఐవీ లీగ్ మహిళల బాస్కెట్‌బాల్‌లో ఏది మేలు?

అమెరికా కళాశాలల మహిళల బాస్కెట్‌బాల్‌లో ఏటా మార్చి నెల రాగానే ఒకే తగవు మళ్లీ తలెత్తుతుంది. రెండు నెలలకు పైగా సాగిన కాన్ఫరెన్స్ (తమలో తాము పోటీపడే కళాశాలల కూటమి) సీజన్‌లో పట్టికలో ముందు నిలిచిన జట్టును అసలు విజేతగా లెక్కించాలా, లేక ఆ వెంటనే కొద్ది రోజుల్లో ముగిసే కాన్ఫరెన్స్ టోర్నమెంటులో గెలిచిన జట్టును లెక్కించాలా అన్నదే ఆ తగవు. బిరుదు మాత్రమే అయితే చెరొక ట్రోఫీ ఇచ్చి సరిపెట్టుకోవచ్చు గానీ, కళాశాలల క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ జరిపే, 68 జట్లు ఆడే జాతీయ టోర్నమెంటుకు ఒక్కో కాన్ఫరెన్స్ నుంచి నేరుగా వెళ్లే బెర్తు ఒక్కటే ఉంటుంది. 2025లో అలాంటి బెర్తులు 31 ఉండగా, మిగిలిన 37 స్థానాలను సెలెక్షన్ కమిటీ తన విచక్షణతో నింపింది. వీటినే ఎట్-లార్జ్ బెర్తులు అంటారు. నేరుగా దక్కే బెర్తు ఎవరికి ఇవ్వాలో నిర్ణయించే హక్కు కాన్ఫరెన్స్‌దే. దాదాపు అన్ని కాన్ఫరెన్స్‌లూ ఏనాడో టోర్నమెంటు విజేతకే దానిని అప్పగించగా, 2017 వరకు సీజన్ విజేతకే కట్టుబడి ఉండి, అందరికంటే చివరగా దారి మార్చుకున్నది ఐవీ లీగ్. రెండు పద్ధతులనూ ఒకే చోట తూచి చూడటానికి ఇంతకన్నా అనువైన కాన్ఫరెన్స్ లేదు.

ముందుగా పాత పద్ధతిని చూద్దాం. బ్రౌన్, కొలంబియా, కార్నెల్, డార్ట్‌మత్, హార్వర్డ్, పెన్సిల్వేనియా (పెన్), ప్రిన్స్‌టన్, యేల్ అనే ఎనిమిది జట్లలో ప్రతి ఒక్కటీ తక్కిన ఏడింటితోనూ రెండేసి సార్లు, ఒకసారి సొంత మైదానంలో, మరొకసారి ప్రత్యర్థి మైదానంలో ఆడుతుంది. మొత్తం 14 మ్యాచ్‌లు. ఒక జట్టుకు సులువైన షెడ్యూలు, మరొక జట్టుకు కఠినమైన షెడ్యూలు పడటానికి ఇందులో తావే లేదు. తరగతులు పోకుండా చూసుకోవడానికి చాలాకాలం పాటు శుక్ర, శనివారాల్లో వరుసగా రెండు మ్యాచ్‌లు ఆడించిన లీగ్ ఇది. క్రీడా ఉపకారవేతనాలు ఇవ్వని ఈ విద్యాసంస్థల్లో ఆడేవారు పరీక్షలతో పాటు ఈ భారాన్నీ మోస్తారు. అలాంటి సీజన్‌ను 12 లేదా 13 విజయాలతో ముగించిన జట్టు మేలైనది కాదని వాదించడం కష్టం.

ఈ పద్ధతి చప్పగా ఉండేదన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. 2016లో సీజన్ చివరి మ్యాచ్‌కు పెన్, ప్రిన్స్‌టన్ సమాన రికార్డుతో దిగాయి. ఆ ఒక్క మ్యాచే ఫైనల్‌గా మారింది, పెన్ గెలిచి జాతీయ టోర్నమెంటుకు వెళ్లింది. ఓడిన ప్రిన్స్‌టన్‌ను కూడా కమిటీ పిలిచింది, ఐవీ మహిళల జట్టుకు ఎట్-లార్జ్ బెర్తు దక్కడం అదే మొదటిసారి. అయితే అలాంటి ముగింపు కుదరడం అదృష్టమే తప్ప ఏర్పాటు కాదు. 2015లో ప్రిన్స్‌టన్ జాతీయ టోర్నమెంటుకు ముందు ఆడిన 30 మ్యాచ్‌లూ గెలిచింది. అటువంటి సంవత్సరాల్లో మిగతా జట్లకు ఫిబ్రవరి నాటికే ఆడటానికి పరువు తప్ప మరేమీ మిగిలేది కాదు. సమంగా నిలిచినప్పుడు మరో చిక్కు ఉండేది: 2008లో కార్నెల్, డార్ట్‌మత్, హార్వర్డ్ మూడూ ఒకే స్థానంలో ఆగడంతో ప్లేఆఫ్ పెట్టవలసి వచ్చింది, అందులో కార్నెల్ నెగ్గింది. అంటే పాత పద్ధతికి కూడా అవసరమైనప్పుడు నాకౌట్ ఆసరా కావలసి వచ్చిందన్నమాట.

2017 మార్చిలో ఫిలడెల్ఫియాలో పెన్ సొంత మైదానమైన పలెస్ట్రాలో మొదలైన కొత్త పద్ధతిలో పట్టికలోని తొలి నాలుగు జట్లు మాత్రమే ఆడతాయి. సెమీఫైనల్లో మొదటి జట్టు నాలుగో జట్టుతోను, రెండో జట్టు మూడో జట్టుతోను తలపడతాయి. ఆ ఇద్దరు విజేతలు ఫైనల్ ఆడతారు, నేరుగా దక్కే బెర్తు ఫైనల్ విజేతది. నాలుగో స్థానం కోసం పోటీ చివరి వారం దాకా రగులుతూ ఉండటం దీని మొదటి లాభం. టీవీ ప్రసారం, విద్యార్థుల హడావిడి, పురుషుల టోర్నమెంటుతో కలిపి ఒకే చోట నిర్వహించడం వంటివి మిగతా లాభాలు. వీటిని తేలిగ్గా కొట్టిపారేయలేం, ఎందుకంటే ఈ లీగ్‌లో మహిళల మ్యాచ్‌కు పెద్ద వేదిక దొరికేది ఆ వారాంతంలోనే.

న్యాయం విషయానికి వస్తే, మొదట్లో భయపడినంత నష్టం జరగలేదని ఒప్పుకోవాలి. 2020లో రద్దు కావడం, 2021లో లీగ్ అసలు సీజనే ఆడకపోవడం వల్ల ఆ రెండేళ్లను పక్కన పెడితే, 2017 నుంచి 2024 వరకు మహిళల విభాగంలో జరిగిన ఆరు టోర్నమెంటుల్లోనూ గెలిచినది సీజన్‌లో ఒంటరిగానో ఉమ్మడిగానో అగ్రస్థానంలో నిలిచిన జట్టే. 2017లో పెన్, ఆ తరువాత అయిదుసార్లు ప్రిన్స్‌టన్. 2022లో 14 మ్యాచ్‌లూ గెలిచి వచ్చిన ప్రిన్స్‌టన్ టోర్నమెంటులోనూ తడబడకుండా, జాతీయ పోటీల మొదటి రౌండ్‌లో కెంటకీని ఓడించింది. బలమైన జట్టును రెండు రోజుల గండం నిజంగా పడగొట్టగలదా అని ఆ ఆరు సంవత్సరాలు చూసినవారికి అనుమానం కలిగినా తప్పులేదు.

కానీ విజేత జట్టు ఎవరో మాత్రమే చూస్తే సగమే కనబడుతుంది, ఎవరు ఇంట్లో కూర్చున్నారో కూడా చూడాలి. 2023లో ప్రిన్స్‌టన్‌తో కలిసి సీజన్ టైటిల్ పంచుకున్న కొలంబియా సెమీఫైనల్లో హార్వర్డ్ చేతిలో ఓడింది. ఆ ఒక్క ఓటమి తరువాత కమిటీ దానిని పిలవలేదు. పిలుపు అందని ఆ జట్టు, అలాంటి జట్ల కోసం జరిగే డబ్ల్యూఎన్‌ఐటీ టోర్నమెంటులో ఫైనల్ దాకా వెళ్లి కాన్సాస్ చేతిలో ఓడింది, అంటే ఆ స్థాయికి తగిన జట్టేనని అక్కడే తేలిపోయింది. మరుసటి ఏడు కూడా ఆ రెండు జట్లే సీజన్ టైటిల్ పంచుకున్నాయి. న్యూయార్క్‌లోని తమ సొంత మైదానంలోనే కొలంబియా ఫైనల్లో 58-75 తేడాతో ప్రిన్స్‌టన్‌కు తలవంచింది. ఈసారి కమిటీ ఎట్-లార్జ్ బెర్తు ఇవ్వడంతో మేగన్ గ్రిఫిత్ శిక్షణలోని ఆ జట్టు మొదటిసారిగా జాతీయ టోర్నమెంటులో అడుగుపెట్టింది. ఒకే విధమైన సీజన్‌కు ఒక ఏడు తిరస్కారం, మరొక ఏడు ఆహ్వానం. తేడా కమిటీ గదిలో ఉందే తప్ప మైదానంలో పెద్దగా లేదు.

2025 మరింత ఆసక్తికరం. ఆ ఏడు కొలంబియా 13 విజయాలు, ఒకే ఒక ఓటమితో ఒంటరిగా అగ్రస్థానంలో నిలిచింది. బ్రౌన్ విశ్వవిద్యాలయం ఉన్న ప్రావిడెన్స్‌లో జరిగిన టోర్నమెంటుకు హార్వర్డ్ మూడో స్థానంతో వచ్చి, సెమీఫైనల్లో హార్మనీ టర్నర్ 44 పాయింట్ల ప్రదర్శనతో ప్రిన్స్‌టన్‌ను దాటి, ఫైనల్లో కొలంబియాను 74-71తో ఓడించింది. సీజన్ విజేత కాని జట్టు మహిళల టోర్నమెంటు గెలవడం ఇదే మొదటిసారి. పాత పద్ధతివారు అన్యాయమని వాపోవలసిన రోజే అది, కానీ కమిటీ కొలంబియాను, ప్రిన్స్‌టన్‌ను కూడా పిలవడంతో ఐవీ లీగ్ నుంచి ఒకేసారి మూడు మహిళల జట్లు వెళ్లడం చరిత్రలో మొదటిసారి జరిగింది. కొలంబియా వాషింగ్టన్‌ను ఓడించి ఆ టోర్నమెంటులో తన తొలి విజయం కూడా అందుకుంది. టోర్నమెంటు లేకుంటే హార్వర్డ్‌కు పిలుపు వచ్చేదో లేదో చెప్పలేం గనుక, ఆ ఏడు నాకౌట్ లీగ్‌కు ఒక అదనపు బెర్తు తెచ్చిపెట్టిందని వాదించడానికి అవకాశం ఉంది.

ఇక్కడ తెలుగు పాఠకులకు వెంటనే గుర్తుకు వచ్చే ఉదాహరణ 2009 ఐపీఎల్. ఎనిమిది జట్లు, 14 మ్యాచ్‌లు, తొలి నలుగురికి సెమీఫైనల్, ఒకటితో నాలుగుకు పోటీ: లెక్క యథాతథంగా ఐవీదే. నాలుగో స్థానంలో నిలిచిన డెక్కన్ చార్జర్స్ పట్టికలో మొదటిదైన ఢిల్లీని సెమీఫైనల్లో, బెంగళూరును ఫైనల్లో ఓడించి కప్పు తెచ్చినప్పుడు, 14 మ్యాచ్‌ల శ్రమకు విలువేమిటని హైదరాబాదులో అడిగినవారు నాకు తారసపడలేదు. ఢిల్లీవారు అడిగే ఉంటారు. 2011 నుంచి ఐపీఎల్ ఆ పద్ధతిని వదిలి, తొలి రెండు జట్లకు ఒకసారి ఓడినా మరో అవకాశం ఉండేలా ప్లేఆఫ్‌లను మార్చుకుంది. సీజన్‌కు విలువ ఉండాలంటే టోర్నమెంటును ఎత్తివేయనక్కరలేదు, టోర్నమెంటులోనే సీజన్ విజేతకు గట్టి లాభం ఇవ్వవచ్చని అది చూపింది.

కళాశాలల బాస్కెట్‌బాల్‌లోనూ ఈ మూడో దారి ఉంది. లాస్ వేగాస్‌లో టోర్నమెంటు జరిపే వెస్ట్ కోస్ట్ కాన్ఫరెన్స్ తన తొలి రెండు సీడ్లను, అంటే పట్టికలో ముందున్న రెండు జట్లను, నేరుగా సెమీఫైనల్లో నిలబెట్టి, కింది జట్లను ఒక్కో మెట్టూ ఎక్కి రమ్మంది. నాలుగు జట్లతోనే ముగిసే ఐవీ టోర్నమెంటుకు దీనిని ఇంకా సులువుగా అన్వయించవచ్చు: రెండు, మూడు స్థానాల జట్లు శుక్రవారం ఆడితే, విజేత శనివారం అగ్రస్థానపు జట్టుతో తలపడుతుంది. 14 మ్యాచ్‌ల్లో సగం కూడా గెలవని జట్టు ఒక సాయంత్రం ఆవేశంతో అగ్రస్థానాన్ని గల్లంతు చేసే ప్రమాదం ఉండదు. ఆ ప్రమాదం ఊహ కాదు; 2017లో పురుషుల విభాగంలో 14 విజయాలతో వచ్చిన ప్రిన్స్‌టన్, సొంత మైదానంలో ఆడుతున్న ఆరు విజయాల పెన్‌ను దాటడానికి అదనపు సమయం దాకా పోరాడవలసి వచ్చింది. వేదిక విద్యాసంస్థల మధ్య ఏటా మారే ఏర్పాటులో ఇది ఎవరికైనా ఎదురు కావచ్చు.

ఐవీకి వర్తించిన తర్కాన్ని అన్ని కాన్ఫరెన్స్‌లకూ చుట్టబెట్టడం తప్పు. 16 జట్ల సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్‌లో 2025లో ఒక్కో జట్టు ఆడింది 16 మ్యాచ్‌లే, అంటే ఒక్క ప్రత్యర్థితో తప్ప ఎవరితోనూ రెండుసార్లు ఆడలేదు. సౌత్ కరొలైనా, టెక్సస్ చెరొక 15 విజయాలతో, పరస్పరం చెరొక గెలుపుతో సమంగా నిలవగా, మొదటి సీడ్ ఎవరిదో నాణెం ఎగరేసి తేల్చారు. అలాంటి చోట టోర్నమెంటే మెరుగైన కొలత. ఫైనల్లో సౌత్ కరొలైనా 64-45తో ఆ సందేహాన్ని తీర్చింది కూడా. పైగా ఆ రెండు జట్లకూ జాతీయ టోర్నమెంటులో చోటు ముందే ఖాయం, కనుక ఓడితే పోయేది సీడింగ్ మాత్రమే. ఐవీలో ఓడితే ఏడాదే పోవచ్చు. ఇక కనెటికట్ అమెరికన్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్‌లో ఏడు సీజన్లు ఒక్క కాన్ఫరెన్స్ మ్యాచ్ కూడా ఓడకుండా ఆడినట్లు ఒకే జట్టు ఏలే చోట ఏ పద్ధతి పెట్టినా ఫలితం ఒక్కటే.

ఐవీ విషయంలో నా తీర్పు ఇది: ఎవరు మేటి అన్న ప్రశ్నకు 14 మ్యాచ్‌ల సీజన్ ఇచ్చే జవాబే నమ్మదగినది. 2020 మార్చి 10న కరోనా కారణంగా టోర్నమెంటును రద్దు చేసినప్పుడు, 14 విజయాల ప్రిన్స్‌టన్‌కే బెర్తు అని లీగ్ ఏ తటపటాయింపూ లేకుండా ప్రకటించడం దీనికి లీగ్ ఇచ్చుకున్న సాక్ష్యం. అయినా టోర్నమెంటును పూర్తిగా ఎత్తివేయమని నేను అనను, ఎందుకంటే 2025 జనవరిలో ఎన్‌సీఏఏ సభ్యులు ఆమోదించిన ఏర్పాటు వల్ల మహిళల జాతీయ టోర్నమెంటులో జట్లు ఆడే మ్యాచ్‌లను బట్టి కాన్ఫరెన్స్‌కు డబ్బు వస్తోంది, ఎక్కువ జట్లను పంపగలగడం ఇప్పుడు కేవలం పేరు కోసం కాదు. అందువల్ల ఇప్పటి నాలుగు జట్ల నాకౌట్ కంటే, అగ్రస్థానాన్ని నేరుగా ఫైనల్లో నిలిపే మూడు జట్ల పద్ధతి మేలు. దీనివల్ల నాలుగో స్థానం కోసం జరిగే పోటీ పోతుంది, కానీ మూడో స్థానం కోసం జరిగే పోటీ అంతే వేడిగా ఉంటుంది, మొదటి స్థానం కోసం జరిగే పోటీ ఇప్పటికంటే ఎంతో తీవ్రమవుతుంది. ఐవీ రెండో జట్టుకు కమిటీ ఎట్-లార్జ్ పిలుపులు ఆగిపోయిన రోజు వస్తే మాత్రం, బెర్తును మళ్లీ సీజన్ విజేతకే ఇచ్చి టోర్నమెంటును వేరే ట్రోఫీ కోసం ఆడించడం తప్ప న్యాయమైన మార్గం ఉండదు.